ఉంగుటూరు గుంటలో మా లంక గొరకలు

పోయిన నెల సుభాషిణి గారు మా ఇంటికొచ్చారు. కారు గట్టు మీద ఆగగానే మా వీధిలో ముగ్గురు లేచి నిలబడ్డారు, ఇద్దరు ఎగగట్టిన లుంగీలు దించుకున్నారు, ఒకాయన తన మోకాలి నొప్పి చెప్పుకుందామని ముందుకే వచ్చేశాడు. ఆవిడ పేరు ముందు డాక్టరని ఉంటుందన్న సంగతి మా వాళ్ళకి పాతికేళ్ళుగా తెలుసు. ఏ డాక్టరో మాత్రం తెలియదు. నేను చెప్పలేదు, చెబితే సరదా పోతుంది. ఆవిడది జెనెటిక్స్ చదువు. చేప ఒంట్లో దాని తాతముత్తాతల జాడ వెతకడం. మోకాలి నొప్పాయనకి ఆవిడ చాలా మర్యాదగా, "చేపయితే చూసేదాన్నండి" అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి వెళ్ళిపోయాడు.

ఆవిడ వెనక హారిక అనే అమ్మాయి ఐస్‌పెట్టె మోసుకుంటూ దిగింది. ఇప్పుడు సుభాషిణి గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నది ఆ అమ్మాయే. వాళ్ళకి కావలసిన పన్నెండు గొరకలు నేను తెల్లారకముందే పట్టి, ఇంటికి తెచ్చి, తొట్టిలో వేసి, మీద తడి గోనెపట్టా కప్పి అరుగు మీద పెట్టాను. గొరక అంటే అరచేతి పొడుగు నల్లచేప. నీళ్ళు లేకపోయినా తడి తగులుతుంటే పూటంతా బతుకుతుంది, అవసరమైతే నడుస్తుంది కూడా. హారిక పట్టా ఎత్తగానే ఒకటి బయటికి దూకి, చెంపల ముళ్ళతో నేలని పట్టుకుంటూ, ముహూర్తానికి ఆలస్యమైన పురోహితుడిలా గుమ్మం వైపు బయల్దేరింది.

"బాబాయ్ గారూ, ఇవి ఎక్కడ పట్టారండీ?" అంది హారిక, చిన్న చీటీ, పెన్నూ తీసి.

"ఉంగుటూరమ్మా. మా పెద్దమ్మ గుంటలో."

పెన్ను ఆగింది. ఆ అమ్మాయి మేడం వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మనం దగ్గరుండి పట్టించలేదు కదండీ మేడం. చోటు రాసెయ్యొచ్చాండీ?"

సుభాషిణి గారు తల తిప్పి నా వైపు చూశారు. నేను చూరు వైపు చూశాను. ఆ ప్రశ్న మా ఇద్దరికీ పాత చుట్టం. ఆవిడ జవాబు చెప్పేలోపు దొరికిన ఆ కాస్త సందులో నేను చాలా దూరం వెళ్ళిపోయాను.

అప్పటికి నేను బడి మానేసి చాలాకాలమైంది. ఏడో తరగతిలో లెక్కల మేష్టారికీ నాకూ మాట తేడా వచ్చి, ఇద్దరిలో ఒకరే బడిలో ఉండాలని తేలింది. ఆయనకి జీతం వస్తోంది కనక నేనే తప్పుకున్నాను. ఆ తరవాత నా చదువంతా కొల్లేట్లోనే. పొద్దున్నే తాటిదోనె వేసుకుని బయల్దేరితే మంచులో నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. దోనె కదులుతోందో, గుర్రపుడెక్క పువ్వులే మమ్మల్ని దాటి వెళుతున్నాయో అర్థమయ్యేది కాదు. ఎక్కడో గూడకొంగలు రెక్కలు దులిపిన చప్పుడు, తడిసిన దుప్పటి విదిలించినట్టు. పక్క లంకలో ఎవరో పొయ్యి రాజేసిన పొగ నీళ్ళ మీదే పాక్కుంటూ వచ్చి మా ముక్కులకి తగిలేది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందు వచ్చేది ఆ పొగే, దాని వెనకే మా అమ్మ బూడిదతో గొరక పొలుసు రుద్దుతున్న చప్పుడు. గొరక పొలుసు గట్టిది, కత్తికి లొంగదు, బూడిదకి లొంగుతుంది. మా అమ్మ నన్ను కూడా అలాగే పెంచింది.

అలాంటి ఒక పొద్దున్న ఏలూరు నుంచి మొదటి బస్సులో సుభాషిణి గారు దిగారు. తాడేపల్లిగూడెం అమ్మాయి, వరి పండించే ఇల్లు, కాలికి బూట్లు, చేతిలో రాసుకునే అట్ట. "గొరకలు పట్టేవాళ్ళు కావాలండీ, బతికుండగానే కావాలి" అన్నారు. మా వాళ్ళంతా నన్ను చూపించారు, నేను పట్టడంలో గొప్పవాణ్ణని కాదు, ఖాళీగా ఉన్నానని. కలిదిండి వైపు మా లంకలోవి, దెందులూరు దగ్గర రోడ్డు పక్క గుంటల్లోవి, ఉంగుటూరు కాలవ పక్కవి, ఇంకా కొన్ని ఊళ్ళవి పట్టాలి. ఒక్కో చేప తోక అంచున గోరంత ముక్క కత్తిరించి, స్పిరిటు పోసిన చిన్న గొట్టంలో వేసి, ఊరి పేరు రాసి, చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. ఇదీ పని, ఏ ఊరి గొరక ఏ వంశానిదో ఆవిడ పీహెచ్‌డీలో తేల్చడానికి. పట్టిన చేపని వదిలెయ్యడం మా వంశంలో ఎవరూ చెయ్యని పని. మొదటి వారం మా నాన్న నా వైపు చూడడం మానేశాడు.

ఆవిడ ఇంట్లో ఇంకో రకం బాధ. ఒకసారి గొట్టాల పెట్టె అందించడానికి తాడేపల్లిగూడెం వెళ్ళాను. పెరట్లో వడ్లు ఎండుతున్నాయి. వాళ్ళ నాన్నగారు రేడియో చెవికి ఆనించుకుని పొలం వార్తలు వింటున్నారు, పక్కన ఇంకో మనిషి ఉన్నప్పుడు రేడియో ఆపడం ఆయనకి అలవాటు లేదు, ఇద్దర్నీ కలిపే వింటారు. వాళ్ళమ్మగారు నాకు కాఫీ ఇస్తూ కూతుర్ని దెప్పారు. "పెద్ద చదువంటే పుస్తకాల వాసనొస్తుందనుకున్నాం బాబూ. ఇదేంటి, దగ్గరికొస్తే నీచు వాసన, దూరం జరిగితే స్పిరిటు వాసన."

"మధ్యలో నిలబడండమ్మా" అన్నాను.

నాన్నగారు రేడియో పక్కనుంచే, "అసలిది పూర్తవుద్దంటావా అబ్బులూ?" అన్నారు. అది వేళాకోళం కాదు. మూడేళ్ళుగా ఆ మాట పైకి అనకుండా దాచుకున్నట్టు అన్నారు. నేను తెలిసినవాడిలా తలూపాను. తెలియని సంగతులకి తలూపడంలో నాకు మొదట్నుంచీ మంచి పేరుంది.

నా బుద్ధి గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. దెందులూరులో పది చేపలు పట్టమంటే తొమ్మిది దొరికాయి. పదోది మా లంకది కలిపేశాను. బద్ధకం వల్ల కాదండి బాబూ, ఆ తోకముక్కలు చూసే ఆవిడ మిషను కనిపెడుతుందో లేదో చూద్దామని. రెండు నెలలు గడిచాక ఆవిడ యూనివర్సిటీ నుంచి ఒక ఫోటో పట్టుకొచ్చారు. నల్లటి కాగితం మీద నిచ్చెన మెట్లలా తెల్లటి గీతలు. ఒక్కో వరస ఒక్కో చేపదట. దోనెలో కూర్చుని వేలు పెట్టి చూపించారు. "ఈ తొమ్మిదీ ఒక వంశం. ఈ పదోది మీ ఇంటిపేరుది. అవునా?" నేను దణ్ణం పెట్టేశాను. ఇద్దరం నవ్వుకున్నాం. దోనె ఊగేటంత నవ్వాం. ఆ తరవాత ఆవిడ నవ్వు ఆపి, "ఇది ఒక్కసారికే అబ్బులూ. ప్రతి ఊరికీ నేను రాలేను. చేప ఎక్కడిదో నాకు తెలిసేది నీ నోటితోనే. నీ మాట అబద్ధమైతే నేను రాసే పుస్తకమంతా అబద్ధమే" అన్నారు. కొల్లేరు మీద ఒట్టేశాను. నిజంగానే వేశాను. అప్పట్నుంచి చేపల విషయంలో వేళాకోళం ఆడలేదు, మిగతా అన్ని విషయాల్లోనూ రెట్టింపు ఆడి లోటు తీర్చుకున్నాను.

ఉంగుటూరు చేపలు మా పెద్దమ్మ గుంటలో పట్టాను. పెద్దమ్మంటే మా అమ్మకి అక్క, వెంకాయమ్మ. మా లంక నుంచి ఉంగుటూరు దగ్గర వరి ఊరికి కోడలుగా వెళ్ళింది. ఇంటివెనక దొడ్లో చిన్న గుంట, గట్టు మీద అరటి, నీళ్ళ మీద తామరాకు. అక్కడ ఇరవై గొరకలు పట్టి, ముక్కలు కత్తిరించి, రాసి, పెద్దమ్మ పెట్టిన పులుసు తిని, మధ్యాహ్నం బస్సుకి వచ్చేశాను. అంత నీతిగా నేను చేసిన పని అంతకు ముందు లేదు.

సుభాషిణి గారికి కోపమొస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. ఆ ముక్కల ఫోటో తెచ్చిన రోజు బస్సు దిగుతూనే, "అబ్బులు గారూ, మీరు ఉంగుటూరు వెళ్ళారాండీ అసలు?" అన్నారు.

"ఆయ్, వెళ్ళానండి. పెద్దమ్మ గుంటండి, పులుసు కూడా తిన్నానండి."

"పెద్దమ్మ గారి పులుసు తినేసి, ఇంటికొచ్చి మీ లంకలో పట్టారు. ఇరవైకి ఇరవై మీ లంకవేనండి." ఫోటో నా ఒళ్ళో పెట్టారు. గీతలకి గీతలు సరిగ్గా అతికాయి. మా ఊరి చేపలే. నేనే ఆవిడ స్థానంలో ఉంటే నన్ను నమ్మేవాణ్ణి కాదు.

"ఒట్టండి" అన్నాను.

"ఆ పదో చేపప్పుడు కూడా చాలా అమాయకంగానే నిలబడ్డారండి" అన్నారు. తరవాత కూర్చుండిపోయారు. ఆవిడ గైడుగారు, అంటే చదువు నడిపించే పెద్దాయన, ఒకసారి మోసం చేసినవాడి చేతి చేప ఏ ఊరిదైనా పనికిరాదన్నాడట. నేను పట్టినవన్నీ పారేసి మళ్ళీ మొదట్నుంచి పట్టుకు రమ్మన్నాడట. ఏడాదిన్నర పని. ఆవిడకి స్కాలర్‌షిప్పు ఇంక ఆర్నెల్లే ఉంది. "పూర్తవదు అబ్బులు గారూ" అన్నారు నెమ్మదిగా. వాళ్ళ నాన్నగారి రేడియో గుర్తొచ్చింది నాకు. ఆ బస్సులోనే వెళ్ళిపోయారు, ఆ తరవాత రాలేదు ఆవిడ.

అబద్ధమాడి దొరికిపోవడం నాకు అలవాటే, దానికి ఎలా నవ్వాలో తెలుసు. నిజం చెప్పి దొరికిపోతే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. రెండు వారాలు దోనె ఎక్కలేదు. అప్పుడు బస్సెక్కి ఉంగుటూరు పోయి పెద్దమ్మ అరుగు మీద అడ్డంగా పడుకున్నాను. పెద్దమ్మ దొడ్లో పీట వేసుకుని గొరకలకి బూడిద పట్టిస్తోంది. ఆవిడకి చేప తోముతూ దానితో మాట్లాడే అలవాటుంది. ఆ రోజు చేపని వదిలేసి నన్నడిగింది.

"ఏరా, మొహం అలా వేలాడేసావు?"

"నిజం చెప్పానే పెద్దమ్మా, ఎవరూ నమ్మట్లేదు."

"నువ్వు నిజం చెప్పావంటే నేనే నమ్మలేకపోతున్నాను. ఏంట్రా సంగతి?"

చెప్పాను. గీతలూ, ఫోటో, గైడుగారూ అన్నీ. పెద్దమ్మ చెయ్యి ఆగింది. నన్నేదో పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "అందులో వింతేముందిరా? ఈ గుంటలోవి మన లంకవి కాక ఎవరివి? నేనే కదా తెచ్చాను."

లేచి కూర్చున్నాను.

పెద్దమ్మ తరంలో మా లంక ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు, సారెలో అరిసెలతోపాటు ఒక కుండ వెళ్ళేదట. కుండ అడుగున కొల్లేటి నాచు, నాచులో పది పన్నెండు బతికున్న గొరకలు, మూతికి తడిగుడ్డ. పడవ దిగి, బండెక్కి, పూటంతా ప్రయాణం. కొత్తకోడలు గుమ్మం తొక్కాక ఆ కుండని తనే ఎత్తుకెళ్ళి అత్తారి గుంటలో వంచెయ్యాలి. మగాళ్ళు అటు చూడకూడదు. నేను పుట్టేసరికి రోడ్డు పడింది, కుండ బదులు స్టీలు సామాను వచ్చింది, ఆ అలవాటు ఆడవాళ్ళ మాటల్లోంచి కూడా జారిపోయింది. "ఇక్కడి నీళ్ళు చప్పగా ఉంటాయిరా. మొదటి వానాకాలం రోజూ గట్టు మీద కూచుని చూసేదాన్ని. అవి పిల్లల్ని పెట్టిననాడు నాకు అన్నం సయించింది" అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రమే పెద్దమ్మని వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కాను. సుభాషిణి గారు గుమ్మంలో నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, పెద్దమ్మని చూసి రమ్మన్నారు. పెద్దమ్మ కింద కూర్చుని కుండ కథ చెప్పింది. నాన్నగారు మొదటిసారి రేడియో ఆపారు. సుభాషిణి గారు అంతా విని, "నేను నమ్ముతానండి. మా గైడుగారు నమ్మరు. అబ్బులు గారి పెద్దమ్మ కదా మీరు" అన్నారు.

పెద్దమ్మకి రోషం వచ్చింది. "అయితే ఓ పని చెయ్యి తల్లీ. మా ఊళ్ళో వంతెన అవతల, వేరే కాలవ నీళ్ళతో నిండే గుంట ఒకటుంది. ఆ గుంట ఉన్న ఇంటికి మా లంక పిల్ల ఒక్కత్తీ కోడలుగా రాలేదు, నాకు తెలుసు. అక్కడివి మా చేపలు కావు. మా గుంటలోవీ అక్కడివీ రెండూ నువ్వే పట్టుకో. వీణ్ణి గట్టు కూడా ఎక్కనివ్వకు."

అలాగే చేశారు. నేను రోడ్డు మీద కూర్చున్నాను. ఆవిడే బూట్లు విప్పి, చున్నీ నడుముకి బిగించి, మోకాలిలోతు బురదలో దిగి, వెదురుపుల్లల మావు పెట్టి పట్టారు. పట్టడం చేతకాలేదు, రెండు గుంటలకీ పగలల్లా పట్టింది. దూరంనుంచి చూస్తూ నేను నోరు మూసుకున్నాను, అది నాకు నీళ్ళలో దిగడం కన్నా కష్టమైంది. తరవాత మూడు వారాలు. ఆ మూడు వారాలూ నాకు మంచులో దోనె లాగే గుర్తున్నాయి. ఎటు పోతోందో తెలియదు, ఆగిందో కూడా తెలియదు. వంతెన అవతలి చేపల గీతలు కూడా మా లంకవే అయితే పెద్దమ్మ అబద్ధం, నేను అబద్ధం, ఆవిడ మూడేళ్ళ చదువు నీళ్ళపాలు.

ఎండ నడినెత్తిన ఉండగా వచ్చిన బస్సులోంచి ఆవిడ దిగారు. గొడుగు కూడా వేసుకోలేదు. నేను గట్టు మీద వల ఆరేస్తున్నాను. దూరంనుంచే ఫోటో ఎత్తి చూపిస్తూ, "వేరే అబ్బులూ! పెద్దమ్మ గారివి మీ లంకవే, వంతెన అవతలివి పూర్తిగా వేరే!" అని అరిచారు. గారు పోయింది. వల మీద కూలబడ్డాను.

ఆ ఫోటోలు పెద్దమ్మకి చూపించాం. పెద్దమ్మకి అక్షరం రాదు. తెల్లగీతల మీద వేలు తిప్పుతూ, "ఇందులో మా అమ్మ ఇచ్చిన కుండ కనపడుతుందా తల్లీ?" అంది. "కనపడుతోందండి, ఇదిగో" అన్నారు సుభాషిణి గారు. పెద్దమ్మ ఆ చోట వేలుంచి తియ్యలేదు. ఆ పూట పెద్దమ్మ ఏ లంక పిల్ల ఏ ఊరికి కుండతో వెళ్ళిందో వరసగా చెప్పుకుపోయింది, సుభాషిణి గారు రాసుకుపోయారు. ఎప్పుడో పోయిన ఆడవాళ్ళంతా ఆ అరుగు మీదుగా కుండలు ఎత్తుకుని నెమ్మదిగా నడిచి వెళుతున్నట్టు అనిపించింది నాకు. గైడుగారు పాత చేపల్ని కూడా ఒప్పుకున్నాక ఆ పేర్లన్నీ ఆవిడ పుస్తకంలోకి ఎక్కాయి. నల్ల అట్ట మీద బంగారు అక్షరాల పుస్తకం ఒకటి పెద్దమ్మకిచ్చారు. పెద్దమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి పటాల పక్కన నిలబెట్టింది. పోయేదాకా రోజూ పువ్వు పెట్టింది, ఒక్క పేజీ తిప్పలేదు.

పేరు ముందు డాక్టరు చేరాక ఆవిడ కష్టాలు తీరాయనుకున్నాం మేమంతా. అప్పుడే మొదలయ్యాయి. కలిదిండి రోడ్డులో మేత కొట్టు మీద గదిలో రొయ్యపిల్లలకి జబ్బుందో లేదో చూసి చెప్పే పని కొన్నాళ్ళు, ఏలూరు కాలేజీలో పాఠానికింత అని ఇచ్చే ఉద్యోగం కొన్నాళ్ళు. అప్పటికి నేను ఆటో కొన్నాను, ఆవిణ్ణి బస్టాండు నుంచి నేనే దింపేవాణ్ణి. "రొయ్య బతుకుతుందో లేదో నేను చెబుతున్నాను అబ్బులూ, నా సంగతి చెప్పేవాళ్ళే లేరు" అనేవారు నవ్వుతూ. ఆటో వెనక నుంచి స్పిరిటు వాసన వస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. వాళ్ళ నాన్నగారు మాత్రం రేడియో పక్కన పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ, "పూర్తయిందండీ" అని చెప్పేవారు. ఆ ఒక్కమాటే. పర్మనెంటు ఉద్యోగం వచ్చేసరికి ఆయన లేరు.

ఇప్పుడు మా లంక చుట్టూ అంతా చేపల చెరువులే, గట్లు, కరెంటు మోటార్లు. నీళ్ళ మీద మంచు ఇప్పటికీ దిగుతుంది గానీ దాని అడుగున మోటారు మోగుతుంటుంది. పెంపకపు చేప మధ్య గొరక నిలవదు. సంతలో గొరకలని అమ్మేవి ఎక్కడినుంచో పిల్లని తెచ్చి పెంచినవి, బూడిద అక్కర్లేకుండా పొలుసు ఊడొస్తుంది. మా కొల్లేటి గొరక మిగిలిందో లేదో చూడాలని సుభాషిణి గారు ఫోన్ చేస్తే మూడు రోజులు వెతికాను. మావు ఎత్తిన ప్రతిసారీ ఖాళీ. నాలుగో రోజు పెద్దమ్మ గుర్తొచ్చింది. ఉంగుటూరులో అందరూ గుంటలు పూడ్చేసి ఇళ్ళు కట్టుకున్నారు. పెద్దమ్మ కొడుకు మాత్రం, "అమ్మ సారె అందులో ఉందిరా, ఎలా పూడుస్తాను?" అని వదిలేశాడు. తెల్లారకముందు మావు ఎత్తితే బరువుగా లేచింది. మా ఊరి చేపలు మా ఊళ్ళో లేవు, కోడలుగా వెళ్ళిన చోట ఉన్నాయి. పన్నెండు ఏరి, తడి పట్టా కప్పి, పెద్దమ్మ కుండ వెళ్ళిన దారినే వెనక్కి తెచ్చాను.

ఇదంతా హారికకి ఎలా తెలుస్తుంది? పెన్ను చీటీ మీద ఆనించి మేడం మొహంలోకి చూస్తోంది. తప్పు రాయకూడదన్న భయం ఆ పిల్లది, మంచిదే. గుమ్మం వైపు బయల్దేరిన గొరక గడప దగ్గర ఆగింది. సుభాషిణి గారు వంగి దాన్ని చేత్తో పట్టుకున్నారు, ఇప్పుడు పట్టడం బాగా వచ్చింది ఆవిడకి. తొట్టిలో వేసి, చెయ్యి చీర చెంగుకి తుడుచుకున్నారు.

"అబ్బులు చెప్పాడు కదమ్మా. రాసుకో."

నాకు ఒక జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాను. హారిక ఉంగుటూరు అని రాసింది.